తాళం చెవి చేతికిచ్చే ముందు

మియాపూర్‌లోనో మణికొండలోనో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు. ఓనరు ఉండేది మాత్రం డల్లాస్‌లో, లేదంటే బెంగళూరులో, లేదంటే రిటైరయ్యాక తిరిగి చేరుకున్న తెనాలిలో. గేటుకు టు-లెట్ బోర్డు కట్టి, వచ్చినవాళ్లకు దగ్గరుండి ఇల్లు చూపించి, ఏ ఊరు, ఏం ఉద్యోగం, ఎంతమంది ఉంటారు అని కనుక్కుని, మాట కుదిరితే అడ్వాన్సు పుచ్చుకునే వీలు వీళ్లకు లేదు. ఆ పనంతా ఏజెంటు చేతికి వెళ్లింది. ఆ ఏజెంటు కాలనీ మలుపులో షట్టరు తెరిచి కూర్చునే బ్రోకరు కావచ్చు. అపార్టుమెంటు వాచ్‌మన్ కావచ్చు. నెలనెలా అద్దె వసూలు చేసి, కారే కుళాయిలు బాగు చేయించి, లెక్క పంపుతామనే కంపెనీ కావచ్చు.

అద్దెకు మనుషులు దొరకడం హైదరాబాద్‌లో పెద్ద కష్టం కాదు. దొరికాకే ఓనరుకు సందేహాలు మొదలవుతాయి. కమీషన్ ఎవరివ్వాలి? అగ్రిమెంటు మీద ఎవరు సంతకం పెట్టాలి? అద్దె ఎగ్గొడితే బ్రోకరుకు బాధ్యత ఉండదా? ఏళ్ల తరబడి ఉంటే ఇల్లు వాళ్లదైపోతుందా? ఈ ప్రశ్నలతో వకీలు దగ్గరికి వెళ్లేది చాలామంది గొడవ ముదిరాకే. అప్పటికి చేతిలో ఏ కాగితమూ ఉండదు, వాట్సాప్‌లో నాలుగు మెసేజీలు తప్ప.

ఓనర్లలో ఎక్కువమంది బ్రోకరును మనిషిని చూపించి కమీషన్ తీసుకుని వెళ్లిపోయేవాడిగానే చూస్తారు. చట్టం చూపు వేరు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో ఏజెన్సీ గురించి 182 నుంచి 238 దాకా సెక్షన్లున్నాయి. వాటి ప్రకారం మీ తరఫున బయటివాళ్లతో వ్యవహారం నడపడానికి మీరు నియమించుకున్న మనిషి మీ ప్రతినిధి. మీరిచ్చిన అధికారం మేరకు ఆయన ఒప్పుకున్నది మీరు ఒప్పుకున్నట్టే. అంతటితో ఆగదు. ఆయనకు ఆ అధికారం ఉందని అద్దెకొచ్చినవాళ్లు నమ్మేలా మీ మాటగానీ మీ నడత గానీ ఉంటే, ఆయన అధికారం దాటి చేసిన పనికి కూడా మీరు కట్టుబడాల్సి రావచ్చని 237వ సెక్షన్ చెబుతోంది.

దీని అర్థం ఇంట్లోకి వస్తేగానీ తెలియదు. ఆరు నెలలుగా బ్రోకరు అద్దె చేత్తో తీసుకుంటున్నాడు, మీకు ఫోన్‌పే చేస్తున్నాడు. మీరు ఏమీ అనలేదు. ఏడో నెల డబ్బు తీసుకుని మీకు పంపలేదు. అద్దెదారును మళ్లీ కట్టమనగలరా? కట్టమనలేరు. బ్రోకరుకు ఇస్తే మీకు ఇచ్చినట్టేనని ఆరు నెలలు మీరే ఒప్పుకుంటూ వచ్చారు. మీరు పట్టుకోవాల్సింది ఇక బ్రోకరునే. అందుకే నా మాట ఒక్కటే: ఏజెంటును పెట్టుకోండి, కానీ ఆయన ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో ముందే ఒక కాగితం మీద రాసివ్వండి. ఇల్లు అద్దెకిచ్చే విషయంలో ఓనరుకు వచ్చే సందేహాల్లో సగానికి పైగా ఆ కాగితం దగ్గరే తీరిపోతాయి.

కమీషన్ మాట

హైదరాబాద్‌లో వాడుక తెలిసిందే. అర నెల అద్దె, కొన్నిచోట్ల పూర్తి నెల అద్దె, చాలాసార్లు రెండు వైపుల నుంచీ. ఇది ఆచారమే తప్ప చట్టం నిర్ణయించిన రేటు కాదు. కాబట్టి బేరమాడే హక్కు ఓనరుకు పూర్తిగా ఉంది. రెండు వైపులా తీసుకోవడం దానంతట అది నేరమేమీ కాదు, మీకు తెలిసి జరిగితే. తెలియకుండా జరిగేదే ప్రమాదం. బ్రోకరే మీ ఫ్లాటు 22 వేలకు తీసుకుని, మీకు చెప్పకుండా 28 వేలకు వేరేవాళ్లకు ఇచ్చాడనుకోండి. ఇలా ఏజెంటు మీకు చెప్పకుండా మీ పనిలోనే సొంత వ్యాపారం చేసుకుంటే, దానివల్ల వచ్చిన లాభం మీరు అడిగి తీసుకోవచ్చని 216వ సెక్షన్ చెబుతుంది. అడిగితే లెక్కలు చూపించడం ఆయన విధి అని 213, మీ తరఫున వసూలు చేసిన సొమ్ము మీకు అప్పగించాలని 218, తప్పుగా నడిపిన పనికి కమీషన్ అడిగే హక్కు లేదని 220 చెబుతాయి. నూట యాభై ఏళ్లకు పైబడిన చట్టమే అయినా ఓనరుకు ఇంతకన్నా పదునైన ఆయుధం ఇప్పటికీ మరొకటి లేదు.

పదకొండు నెలలు పూర్తయి అగ్రిమెంటు తిరగరాసే ప్రతిసారీ కమీషన్ అడిగే ఏజెంట్లున్నారు. ఇవ్వాలా? మొదట్లో ఒప్పుకున్నదాన్ని బట్టి ఉంటుంది. అద్దెదారు అక్కడే ఉన్నాడు, అద్దె మీరూ ఆయనా మాట్లాడుకుని పెంచుకున్నారు, ఏజెంటు చేసిన పని లేదు. రాసుకోని కమీషన్‌ను నేనైతే ఇవ్వను. అలాగే అద్దెదారు రెండు నెలలకే ఖాళీ చేసి వెళ్లిపోతే కమీషన్ వెనక్కి రాదు, అలా ముందే రాసుకుంటే తప్ప. ఆరు నెలల్లోపు ఖాళీ అయితే మళ్లీ మనిషిని కమీషన్ లేకుండా చూపించాలని ఒక వాక్యం చేర్చమని అడగండి. నిలకడగా పనిచేసే బ్రోకరు దానికి ఒప్పుకుంటాడు.

మరి అద్దెదారు అద్దె ఎగ్గొడితే? ఏజెంటు మీ తరఫున కుదిర్చిన ఒప్పందానికి ఆయన వ్యక్తిగతంగా బాధ్యుడు కాడన్నది సాధారణ సూత్రం. హామీ ఇస్తానని ఆయన విడిగా రాసిస్తే వేరు. ‘సార్, నాదీ పూచీ’ అన్న నోటిమాటను నమ్ముకుని కోర్టుకు వెళ్లలేం.

పదకొండు నెలల కాగితం

అద్దె అగ్రిమెంటు పదకొండు నెలలకే ఎందుకు రాస్తారన్నది ఓనర్లు తరచూ అడిగే ప్రశ్న. 1908 రిజిస్ట్రేషన్ చట్టం మూల పాఠం ప్రకారం ఏడాది మించిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకోవడానికి పుట్టిన అలవాటు ఇది. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో తెచ్చిన సవరణ ప్రకారం తెలుగు రాష్ట్రాల్లో లీజు ఎంతకాలానికైనా రిజిస్టరు చేయించాల్సిందే. తెలియక మూడేళ్లకు రాసేసుకుని రిజిస్టరు చేయించకపోతే చిక్కు ఇంకా పెద్దది. ఆ షరతులను కోర్టులో రుజువుగా చూపించుకోవడం కష్టం.

పదకొండు నెలలు దాటాక కొత్త కాగితం రాసుకోకపోయినా, అద్దె మీరు తీసుకుంటూనే ఉంటే అద్దెదారు అక్రమంగా ఉన్నట్టు కాదు. 1882 ఆస్తి బదిలీ చట్టం దాన్ని నెలవారీ అద్దెగా చూస్తుంది. ఖాళీ చేయించాలంటే 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అగ్రిమెంట్లలో ఒక నెల, రెండు నెలల నోటీసు అని రాసుకుంటే అదే నడుస్తుంది.

నోటరీ దుకాణంలో దొరికే అగ్రిమెంటు నమూనాను అలాగే సంతకం పెట్టేయడం దగ్గర చాలామంది నష్టపోతున్నారు. సబ్‌లెట్ సంగతే తీసుకోండి. అగ్రిమెంటులో ఏమీ రాయకపోతే, అద్దెదారు ఇల్లు మొత్తంగానీ కొంతగానీ వేరేవాళ్లకు ఇచ్చుకోవచ్చని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతోంది. ఓనర్లు దీన్ని తలకిందులుగా అనుకుంటారు, రాయకపోతే ఇవ్వకూడదని. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు ఒక కుటుంబానికి ఇచ్చిన ఇల్లు నాలుగు నెలలు తిరిగేసరికి మంచాలు వేసిన హాస్టల్‌గానో, రోజువారీ అద్దె గదులుగానో మారిందని తెలిసి నెత్తీనోరూ కొట్టుకునేది ఇందుకే. ‘ఓనరు రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరికీ ఇవ్వరాదు, నివాసానికి తప్ప వాడరాదు’ అన్న ఒక్క పంక్తి రాయించండి.

పెయింటింగ్ పేరుతో ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె కోసుకోవడం మన దగ్గర మామూలైంది. అగ్రిమెంటులో ఉంటే కోసుకోవచ్చు. లేకపోతే, వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలను అద్దెదారు నెత్తిన వేయడానికి చట్టం ఒప్పుకోదు. పగిలిన సింకు, విరిగిన తలుపు వేరు సంగతి. ఏది పాతదో ఏది కొత్తదో తేలాలంటే, ఇల్లు అప్పగించే రోజున ప్రతి గదినీ వీడియో తీసి ఫ్యాన్లు, గీజర్లు, అల్మరాలు, తాళం చెవులు ఎన్నో రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోవాలి. కరెంటు మీటరు రీడింగు కూడా అందులోనే. ఇది ఏజెంటు చేయాల్సిన పని. అడిగి చేయించుకోవాలి.

సంతకం ఎవరిది? ఓనరుదే ఉండాలి. దూరంగా ఉంటే రాతపూర్వక అధికారం ఉన్నవారిది. అమెరికాలో ఉన్నవారు పవర్ ఆఫ్ అటార్నీ రాసేటప్పుడు అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించుకుంటారు, లేదా నోటరీ చేయించి అపోస్టీల్ వేయిస్తారు. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. దీనికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. అద్దెకివ్వడానికి అమ్మే అధికారం అక్కర్లేదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ పేరుతో అన్నీ కలిపి రాసి ఏజెంటుకు ఇవ్వకండి. అద్దెకివ్వడం, అగ్రిమెంటు మీద సంతకం, రిపేర్లు అంతవరకే రాసి, గడువు పెట్టి, ఆ పత్రం తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఇవ్వండి. ఏజెంటు వారితో కలిసి పనిచేస్తాడు.

డబ్బు దారి

అడ్వాన్సు గానీ అద్దె గానీ అద్దెదారు ఖాతా నుంచి నేరుగా ఓనరు ఖాతాకు రావాలి. మధ్యలో ఎవరి చేతులూ ఉండకూడదు. మేనేజ్‌మెంట్ కంపెనీకి అప్పగించినా సరే, అద్దె మీ ఖాతాకు రానిచ్చి, వాళ్ల ఫీజు మీరు విడిగా చెల్లించే పద్ధతి అడగండి. అడ్వాన్సు హైదరాబాద్‌లో రెండు మూడు నెలల అద్దె. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలలకు మించి తీసుకోకూడదంది. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటే తప్ప ఆ నమూనా వర్తించదు. అయినా ఆ రెండు నెలల హద్దు న్యాయమైనదేనని నా అభిప్రాయం.

ఎన్నారై ఓనర్లకు ఇక్కడ ఒక పెద్ద గుంట ఉంది. దాన్ని ఏజెంట్లు చెప్పరు, చాలామందికి తెలియదు కూడా. ఇక్కడే ఉండే ఓనరుకు నెలకు 50 వేలు దాటిన అద్దె కట్టే వ్యక్తి 2 శాతం టీడీఎస్ కోస్తే చాలు. 2024 అక్టోబరుకు ముందు అది 5 శాతం ఉండేది. ఓనరు ఎన్నారై అయితే ఆ 50 వేల పరిమితి లేదు. అద్దె ఎంతైనా మూడో వంతుకు కాస్త తక్కువ, అంటే సెస్సుతో కలిపి 31.2 శాతం, అద్దెదారు కోసి ప్రభుత్వానికి కట్టాలి. కట్టకపోతే పన్నుశాఖ పట్టుకునేది అద్దెదారును. పాతిక వేల అద్దెకు దిగిన కుర్రాడికి ఓనరు విదేశాల్లో ఉన్నాడన్న మాట కూడా చెప్పకుండా, తండ్రి పేరుతోనో వాచ్‌మన్ నంబరుతోనో వ్యవహారం నడపడం అతనికి చేస్తున్న అన్యాయం. ఎన్నారై ఓనరు అద్దె ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోకి తీసుకుని, అంత పన్ను తన మీద పడదనుకుంటే తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవచ్చు. ఎక్కువ కోసింది రిటర్ను వేసి వెనక్కి తీసుకోవచ్చు.

బ్రోకరు కమీషన్ అద్దె ఆదాయంలో ఖర్చుగా చూపించుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. కుదరదు. ఇంటి అద్దె ఆదాయంలోంచి కట్టిన మున్సిపల్ పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం ఖర్చుల కింద మినహాయింపు ఇస్తారు. రిపేర్లూ కమీషన్లూ అన్నీ ఆ 30 శాతంలోనే. ఇంటి అప్పు వడ్డీ విడిగా చూపించుకోవచ్చు.

ఓనర్లే బలయ్యే మోసం ఒకటి చెప్పాలి. మిలటరీ అధికారినంటూ ఫోన్ వస్తుంది. ఇల్లు చూడకుండానే నచ్చిందంటాడు, అడ్వాన్సు పంపుతున్నానని క్యూఆర్ కోడ్ పంపుతాడు, స్కాన్ చేసి పిన్ కొట్టమంటాడు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. పిన్ కొట్టమన్నారంటే మీ ఖాతాలోంచి పోతుందని అర్థం. మన తెలుగువాళ్లు వేలాదిగా ఉండే బెంగళూరులో మరో రకం నడుస్తోంది. మధ్యవర్తి ఓనరు దగ్గర నెల అద్దెకు ఇల్లు తీసుకుని, అదే ఇంటిని నెల అద్దె లేకుండా లక్షల రూపాయలు ఒకేసారి కట్టించుకునే ‘లీజు’కు వేరే కుటుంబానికి ఇచ్చి, కొన్ని నెలలు ఓనరుకు అద్దె పంపి మాయమవుతాడు. ఓనరు వచ్చి తలుపు తడితే లోపలివాళ్లు లక్షలు కట్టామంటారు. ఇద్దరూ మోసపోయినవాళ్లే. ఇల్లు ఎవరికి ఇస్తున్నారో వాళ్లతో ఒక్కసారైనా వీడియో కాల్‌లో మీరే మాట్లాడితే ఇది జరగడం కష్టం.

ఎవరిని రానివ్వాలి

ఏజెంటు అడిగే మొదటి ప్రశ్న, ‘సార్, ఫ్యామిలీకేనా, బ్యాచిలర్స్‌కు కూడానా?’ ఆ తర్వాత మాంసం తినేవాళ్లయినా పర్వాలేదా, ఏ కులం, ఏ మతం. ఓనరు నోరు తెరవకపోయినా కొంతమంది ఏజెంట్లే ఆ జల్లెడ పట్టేస్తారు, ఓనరు పేరు చెప్పి. ఉద్యోగం వచ్చి ఊరికి కొత్తగా వచ్చిన అమ్మాయిని, ముస్లిం కుటుంబాన్ని, దళిత దంపతులను మీ పేరుమీద వెనక్కి పంపుతున్నది మీరెన్నడూ చూడని మనిషి. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అద్దె కట్టే స్తోమత, పాత ఓనరు చెప్పే మాట, గుర్తింపు పత్రాలు, ఉద్యోగ వివరం, వీటిని చూడమనండి. మిగతావాటితో ఇంటి భద్రతకు ఏ సంబంధమూ లేదు. ఆ సంగతి ఏజెంటుకు మీరే స్పష్టంగా చెప్పండి.

గుర్తింపు పరిశీలన కాగితాల కోసం కాదు. అద్దెదారు వివరాలు స్థానిక పోలీసు స్టేషన్‌లో ఇచ్చి రసీదు దగ్గర పెట్టుకోవాలి. విదేశీయులకు ఇస్తే, టోలిచౌకి వైపు చదువుకోవడానికి వచ్చే ఆఫ్రికా, అరబ్ దేశాల విద్యార్థుల్లాంటివారికి, వాళ్లు దిగిన 24 గంటల్లోపు అధికారులకు తెలియజేయాల్సిన బాధ్యత ఇల్లు ఇచ్చినవారిదే. ‘బ్రోకరు చేస్తాడనుకున్నాం’ అన్నది జవాబు కాదు.

ఖాళీ చేయించాలంటే

తెలంగాణలో అద్దె వ్యవహారాలకు 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఇంకా ఉంది. అయితే మున్సిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు అది వర్తించదు. అంటే నేటి హైదరాబాద్‌లో దాదాపు ఏ ఫ్లాటుకూ వర్తించదు. ఆస్తి బదిలీ చట్టమూ సివిల్ కోర్టూ దిక్కు. ఆంధ్రప్రదేశ్ 2017లో నివాస, నివాసేతర భవనాల అద్దెలకు కొత్త చట్టం చేసుకుంది.

అద్దె కట్టకుండా ఇల్లు వదలని మనిషి ఉంటే, కరెంటు తీయించడం, నీళ్ల వాల్వు కట్టడం, తాళం మార్చి సామాను బయట పడేయడం అన్నవి ఏజెంట్లు చొరవగా చెప్పే సలహాలు. వినకండి. చట్టబద్ధంగా కాకుండా బయటికి గెంటిన మనిషి ఆరు నెలల్లోపు కోర్టుకు వెళ్లి తిరిగి స్వాధీనం పొందే హక్కు 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ ఇస్తోంది. ఏజెంటు మీ తరఫున చేసిన ఆ పనికి కేసులో మొదటి పేరు మీదే. నోటీసు, దాని తర్వాత దావా. ఆలస్యమే గానీ మరో దారి లేదు.

పన్నెండేళ్లు ఉంటే ఇల్లు అద్దెదారుదవుతుందన్న భయం మన ఊళ్లలో పాతుకుపోయింది. మీ అనుమతితో, మీకు అద్దె కడుతూ ఉన్న మనిషి ఎన్నేళ్లున్నా అద్దెదారే. ఆయన మీ యాజమాన్యాన్నే కాదనడానికి సాక్ష్య చట్టం కూడా ఒప్పుకోదు. కాకపోతే అద్దె ఒప్పందం రద్దయ్యాక 12 ఏళ్ల దాకా ఏ దావా వేయకుండా ఊరుకుంటే స్వాధీనం కోరే హక్కు పోతుంది. అగ్రిమెంట్లు తిరగరాసుకుంటూ, అద్దె బ్యాంకులో తీసుకుంటూ ఉన్న ఓనరు ఈ భయం పెట్టుకోనక్కర్లేదు.

ఇంకా తెరవని తలుపు

స్థలాలూ ఫ్లాట్లూ అమ్మించే ఏజెంట్లు 2016 రెరా చట్టం కింద నమోదు చేసుకోవాలి. అద్దెకు ఇప్పించే ఏజెంటు ఆ చట్టం పరిధిలోకే రాడు. అందులో ఏజెంటు నిర్వచనం అమ్మకాల వరకే. ఎవరైనా రేపు పొద్దున బోర్డు కట్టి మీ ఇంటి తాళాలు పుచ్చుకోవచ్చు. ఫిర్యాదు చేయడానికి పోలీసు స్టేషన్, వినియోగదారుల కమిషన్, సివిల్ కోర్టు తప్ప ప్రత్యేకంగా ఒక గుమ్మం లేదు. నమూనా అద్దె చట్టంలో ప్రాపర్టీ మేనేజరు గురించి మంచి నిబంధనలున్నాయి. ఆయన పేరు, ఓనరు ఇచ్చిన అధికారానికి రుజువు, ఏ పనులకు ఎంతకాలం అన్న వివరం అద్దెదారుకు తెలియజేయాలంటుంది. ఇంట్లోకి అడుగు పెట్టాలంటే 24 గంటల ముందు చెప్పాలంటుంది. తెలంగాణ ప్రభుత్వం 1960 చట్టాన్ని పట్టుకుని వేలాడకుండా ఈ నిబంధనలను తెచ్చి, అద్దె ఏజెంట్లకు నమోదు తప్పనిసరి చేయాలి. అది జరిగేదాకా మీ ఏజెంటుకు ఇచ్చే అధికారపత్రం నకలు అద్దెదారుకు కూడా ఒకటి ఇవ్వండి. దానికి ఏ చట్టమూ రానక్కర్లేదు.